నీరటి వంతు

పైపుకు చెవి ఆనించి విన్నాడు పెద్దరాములు. లోపల నీళ్లు ఎక్కుతున్నాయి గానీ ఆ ఎక్కడంలో హుషారు లేదు. కాసేపు గలగల, కాసేపు ఉత్త గాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఈ రెండువేల మూడులో రోళ్లకంటే ముందు బోర్లే ఎండాయి. ఊళ్లో తాగడానికి మిగిలింది ఈ ఒక్క బోరు. కరెంటు తెల్లవారుజామున వచ్చి, ఎండ ముదిరే వేళకు పోతుంది. ఆ మధ్యలో ఎన్ని ఎక్కితే అన్నే నీళ్లు. సిమెంటు స్తంభాల మీద నిలబడ్డ ఆ ట్యాంకు నిండి పొర్లడం చూసి మూడేళ్లయింది.

అరవై దాటిన మనిషి. ఎండుపుల్లల్లాంటి కాళ్లు, మోకాళ్ల పైకి ఎగగట్టిన పంచె, భుజం మీద ఒకప్పుడు ఎర్రగా ఉండిన తువ్వాల. కుడి అరచేతిలో బొటనవేలి కింద గట్టి కాయ ఉంది. అది పార పట్టి పట్టి కాసిన కాయ. ఇప్పుడా చేతిలో పార లేదు, పంచాయతీ ఇచ్చిన ఇనుప చాబీ ఉంది. నడుమెత్తు కడ్డీ, పైన అడ్డంగా పిడి, కింద చదరపు నోరు. గుంతలోకి దించి వాల్వు తలకు తగిలించి తిప్పితే నీళ్లు కదులుతాయి.

ట్యాంకు కింద అలాంటి గుంతలు రెండు. ఒకదాంట్లో ఊరి వాల్వు, రెండోదాంట్లో కాలనీ వాల్వు. ఊరు పక్కనే. బయటి నుంచి పనులకు వచ్చినవాళ్ల కాలనీ మాత్రం ఎండిపోయిన చెరువుకు అవతల, కంపెనీల రోడ్డు వైపు. రెండూ ఒకేసారి తిప్పితే నీళ్లన్నీ ఊరే తాగేస్తుంది, కాలనీ నల్లాలకు గాలి దక్కుతుంది. కాబట్టి ఒకటి కట్టి ఒకటి ఇవ్వాలి. ఇవాళ ఏది ముందన్నదే తేలలేదు. అందుకే పొద్దుటి నుంచీ అతను కాలుగాలిన పిల్లిలా పైపు దగ్గరికీ గుంతల దగ్గరికీ తిరుగుతున్నాడు. కూర్చుంటాడు, లేస్తాడు, మళ్లీ పైపుకు చెవి పెడతాడు.

హీరోహోండా చప్పుడు వినబడింది. మల్లయ్య వచ్చాడు. పేరుకు సర్పంచ్ అతని భార్య రాధమ్మ. ఆమె సంతకాలు పెడుతుంది, పెత్తనమంతా మల్లయ్యది.

"రాములు కాకా, ఇయ్యాల కాలనీ వాల్వు ముట్టకు."

"ఎన్ని దినాలు పటేలా?"

"నేను జెప్పేదాంక. నిన్న మన లింగం తల పలగ్గొట్టిన్రు గద. వాళ్లకు మనం నీళ్లు పోసుడేంది?"

"లింగం వాళ్ల పైపు కొయ్యవోయిండు..."

"నువ్వు ఎవరి దిక్కు మాట్లాడుతున్నవ్ కాకా? ఎక్కడికెళ్లో వచ్చిన్రు, మన కాడి కంపెనీల నౌకర్లు తీసుకున్రు. ఇగ మన నీళ్లు సుత తీసుకుంటరా?"

మల్లయ్య మాట్లాడుతున్నంతసేపూ అతని వెనక రోడ్డు మీద ట్యాంకర్లు పోతూనే ఉన్నాయి. అవి మల్లయ్య పొలంలోని బోర్ల నీళ్లే. వరి వేసేకంటే కంపెనీలకు నీళ్లు తోలడమే మేలని ఊళ్లో మొదట కనిపెట్టినవాడు అతనే. అతని బోర్లు ఎంత లోతుకు దిగాయో, ఊరి బోర్లు అంత తొందరగా అడుగంటాయి. ఎందుకెండాయి పటేలా అంటే, వానల్లేవు గద అంటాడు. నిజమే, మూడేళ్లుగా వానల్లేవు. కురవని వానను ఎవరు మాత్రం పట్టుకుని నిలదీస్తారు? కాలనీవాళ్లనైతే నిలదీయొచ్చు, తలలు పగలగొట్టొచ్చు. ఎంత తెలివో చూడండి!

"తిప్పినవనుకో, ఆ చాబీ ఇంకొకని చేతిలకు పోతది. మల్ల నన్ను అనకు," అని బండి తిప్పుకున్నాడు మల్లయ్య.

పెద్దరాములు చాబీ పిడిని తువ్వాలతో తుడిచాడు. తుడవాల్సినంత మట్టి దాని మీద లేదు.

వాళ్ల తాత నీరటి, తండ్రి నీరటి, తనూ నీరటే. చెరువు తూము ఎప్పుడు లేపాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో చూసేవాడే నీరటి. చెరువు నిండిన ఏడు ఆ పని ఎవడైనా చేస్తాడు. కరువేడులోనే నీరటి సంగతి తెలుస్తుంది. కరువేడుకు ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. నీళ్లు చివరి మడి నుంచి మొదలు కావాలి. తూము కిందివాడికి ముందిస్తే చివరివాడిదాకా తడి చేరదు. అదే చివరివాడికి ముందిస్తే, ఆ నీళ్లు అందరి గట్ల పక్కనుంచే కదా పోవాలి, అందరి కళ్లూ వాటి మీదే ఉంటాయి. మడి తడవగానే ఆ రైతే తన మడిలోకి నీళ్లొచ్చే మడవకు మట్టి వేసి, గట్టెక్కి "కట్టిన!" అని కేక పెడతాడు. అప్పుడు పైవాడి వంతు. ఆ పైవాడి గట్టు మీద నీరటి ముందే తన పార నాటి పెట్టేవాడు. నాటిన పారను ఎవడూ ముట్టడు. పార నాటాడంటే నీళ్లు వచ్చినట్టే. నీరటి సొంత మడి తూము పక్కనే ఉన్నా సరే, దానికి నీళ్లు అందరి తర్వాతే. వంతు పూర్తయ్యేదాకా నీరటి దోసెడు నీళ్లయినా తాగడు. పెద్దరాములు తండ్రి అలాగే నాలుక పిడచకట్టుకుని పొద్దంతా కాలువ వెంట నడిచేవాడు.

తర్వాత కంపెనీలు వచ్చాయి. వాగులోకి ఎవరు వదిలారో ఎవరూ ఒప్పుకోలేదు గానీ, చెరువు నీళ్లు నల్లబడ్డాయి. చేపలు తేలాయి. వరి కంకి పట్టకుండా మాడింది. ఆ నల్లనీళ్లను కూడా కరువు మింగేసింది. చెరువు లేని నీరటి అంటే పెళ్లి లేని బాజాలవాడే. ఊరికి పైపులు పడ్డాక, నీళ్ల పనే గదా అని పంచాయతీ అతని చేతికి చాబీ ఇచ్చింది. అతనూ అలాగే అనుకున్నాడు. పైపంటే మాత్రం ఏంటి, భూమిలో పారే కాలువే గదా! అక్కడే పొరపాటు పడ్డాడు పాపం.

ఇంటికి వెళ్తే పోశమ్మ జొన్న గట్క, ఉల్లిగడ్డ ముందర పెట్టింది. ఆమె చుట్టూ బిందెలు బోర్లించి ఉన్నాయి.

"నీరటోని పెండ్లాన్ని. ఎండిన బిందెల నడుమ మారాణి లెక్క కూసున్న. నా అంత నసీబు ఎవరికుంటది!"

"ఊరికి ఇచ్చినంక మనకొస్తయి."

"పెండ్లయిన కాడికెళ్లి ఇదే ముచ్చట. అందరెనక మనం, మనెనక ఎవరూ లేరు."

ఆమె నవ్వు చూసి అతనూ నవ్వబోయాడు, రాలేదు. ముద్ద చేతిలోనే ఉంది.

"మల్లయ్య కాలనీకి ఇయ్యొద్దన్నడు."

"ఇయ్యకు మరి. నీకేంది?"

"మాటిచ్చిన పోశా."

మొన్న కాలనీ వైపు పైపు అతుకు చూడ్డానికి వెళ్లినప్పటి సంగతి. అక్కడుండే చలపతిరావు కూతురు వీరలక్ష్మి పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. గుమ్మంలో కూర్చుని చంటిపిల్లను తడిగుడ్డతో తుడుస్తోంది. పిల్ల ఒళ్లంతా చెమటకాయలు పేలి ఎర్రగా ఉంది, ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు మూలుగుతోంది. "స్నానం చేయించడానికి లేవు బాబాయ్ గారూ. నీళ్లు ఎప్పుడొస్తాయండి?" అని అడిగింది. "ఎల్లుండి పొద్దుగాల్ల బిడ్డా. మొదలు మీకే," అనేశాడు. ఆ మర్నాడే తగువు జరిగింది, రాళ్లు లేచాయి, పటాన్‌చెరు నుంచి పోలీసు జీపు వచ్చింది. తగువైతే కావచ్చు, నీరటి నోటి నుంచి మాట వచ్చాక వచ్చినట్టే కదా!

"నీ మాట పాడుగాను," అంది పోశమ్మ. "చాబీ గుంజుకుంటే ఏం తిందుమయ్యా?"

అతను లేచాడు. ఆమె కుండ అడుగున ఉన్న కాసిని నీళ్లలో అతని తువ్వాల ముంచి, పిండి, తలకు చుట్టింది. "ఇది ఇప్పకు. ఇప్పితే నా మీద ఒట్టే. వడదెబ్బకు మస్తుమంది సస్తున్నరంట, రేడియోల జెప్పిన్రు."

ట్యాంకు దగ్గర స్తంభం చాటున చలపతిరావు నిలబడి ఉన్నాడు. సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. గోదావరి కాలువ గట్టున పుట్టిన మనిషి. నీళ్లకు కూడా వంతులుంటాయని ఈ ప్రాంతానికి వచ్చాకే తెలిసింది అతనికి.

"రాములు గారూ, మా అమ్మాయికి పాలు కూడా సరిగ్గా పడటం లేదండి. కడుపారా నీళ్లు తాగితే కదా! మీరేమో ఇస్తానన్నారు, చూస్తే ఇలా అయింది."

"ఇస్త సారూ. జెర నా మాట ఇను. తాగెతందుకు, వండుకునేతందుకు, పసిపిల్లకు పట్టుకోండ్రి. బిందెలు నిండంగనే మీ కాడి గేటు వాల్వు మీరే కట్టాలె. కట్టి, చెరువు కట్టెక్కి కేకెయ్యాలె. 'కట్టిన' అనాలె. గప్పుడు ఊరికిస్త."

"తప్పకుండా అండీ. నేనే కట్టేసి నేనే చెప్తాను. మీ రుణం ఉంచుకోను."

"మీరే అనాలె సారూ. గది ముఖ్యం."

చలపతిరావు తలూపి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ వెళ్లిపోయాడు.

పెద్దరాములు ఊరి వాల్వు బిగించాడు. కాలనీ వాల్వు తిప్పాడు. పైపులో నీళ్లు గుటకలేస్తూ కదిలాయి. చాబీ పైకి లాగి, తీసుకెళ్లి ఊరి వాల్వు మీద దించి నిలబెట్టాడు. పార నాటినట్టు. తర్వాత వంతు ఊరిది. కానీ పారైతే తనదని ఊరంతా గుర్తుపట్టేది. ఈ చాబీ పంచాయతీది, రేపు ఎవడి చేతిలోనైనా ఉంటుంది. కాసేపు ఆలోచించి, తలకు చుట్టిన తడి తువ్వాల విప్పి పిడికి ముడివేశాడు. పోశమ్మ పెట్టిన ఒట్టు తీసి గట్టున పెట్టాడు.

ఊరి నల్లాలు కాసేపు ఈలలు వేసి ఊరుకున్నాయి. బిందెలు పట్టుకుని ఆడవాళ్లు ఒక్కొక్కరే ట్యాంకు కిందికి చేరారు. అందరికంటే పెద్దది సత్తెమ్మ. ఆమె వంగి గుంతలోకి చూసింది, తువ్వాలను చూసింది.

"పార నాటిండే పోరీ! మన వంతు ముంగట్ల ఉన్నది. ఆగుండ్రి."

"పారేంది, నాటుడేంది అవ్వా?" అని ఎవరో నవ్వారు. అక్కడున్న వాళ్లలో చాలామంది చెరువు ఎండాక కాపురానికి వచ్చిన కోడళ్లు. వాళ్లు కాలువలో నీళ్లు చూడలేదు, పార నాటడం అసలే చూడలేదు. లింగం భార్య ఇందిరమ్మ నవ్వలేదు. ఆమె మొగుడు తలకు కట్టుతో మంచంలో ఉన్నాడు.

"నీళ్లెటు పోతున్నయ్ పెద్దయ్యా? ఎవనికి అమ్మినవ్?"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. "అమ్ముడేంది బిడ్డా! కరువుల చివరకెళ్లి ఇయ్యాలె గద. కాలనీవోళ్లకు ఇడిసిన. వాళ్లు కట్టంగనే మనకే."

"మా ఆయిన తల పలగ్గొట్టినోళ్లకు ఇడిసినవా!"

"దూప తల సూడదు బిడ్డా. గొంతెండినోడు ఎవడైతేంది?"

"ఎంత పోతున్నయో మాకెట్ల ఎరుక? సూపెట్టు మరి! పోతున్న నీళ్లు సూపెట్టు!"

పెద్దరాములు నేల వైపు చూశాడు. చెయ్యి కూడా చాపాడు, ఇదుగో అనబోయాడు. అక్కడేముంది చూపించడానికి? ఉత్త మట్టి. మట్టి కింద పైపు. కాలువైతే పారే నీళ్లు అందరికీ కనబడేవి. చివరి మడికి పోతున్నాయని చూసి, తన వంతూ ఇలాగే వస్తుందని ప్రతివాడికీ ధైర్యం కలిగేది. నీరటి మాటకు ఆ విలువ ఇచ్చింది ఆ కనబడటమే. పైపులో నీళ్లు కనబడవు. కనబడని నీళ్లకు ఎవరు ఓర్చుకుంటారు? ఇన్నేళ్లుగా ఇది తట్టలేదేమిటని తనమీద తనకే అసహ్యం వేసింది.

ఎవరో మల్లయ్యకు కబురు చెప్పడానికి పరుగెత్తారు. చెరువు కట్ట మీద ఎవరూ కనబడలేదు. అతను కట్టదాకా వెళ్లి చూసి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. ఈపాటికి బిందెలు నిండి ఉండాలి. పెళ్లికి నింపుకున్నా నిండి ఉండాలి. ఇప్పుడే కాలనీ వాల్వు బిగించి ఊరికి ఇచ్చేయొచ్చు, చాబీ ఎదురుగానే ఉంది. కానీ కేక రాకుండా కట్టడమంటే చివరి మడిని ఎండబెట్టడం. ఇన్నేళ్లలో ఆ పని చేసి ఎరగడు. చంటిపిల్ల ఎర్రటి ఒళ్లు కళ్లముందు ఆడింది. ఇంక నిలబడలేక చెరువులోకి దిగాడు.

"అగో, పారిపోతున్నడు!" అంది ఇందిరమ్మ.

అతను వెనక్కి తిరిగాడు. "చాబీ గాడనే ఉంది బిడ్డా. నా తువ్వాల గాడనే ఉంది. నేనెటు పోత?"

చెరువు నేల నెర్రెలు వేసి, నెర్రెల అంచుల్లో తెల్లగా ఉప్పులాంటి పొర తేలింది. అడుగు వేస్తే పెటపెటమంటోంది. ముక్కు మండించే కంపెనీ వాసన ఎండకు ఇంకా ఘాటుగా లేస్తోంది. బట్టతల మీద ఎండ నిప్పులు పోస్తోంది. చెయ్యి తువ్వాల కోసం తలమీదికి పోయి, ఉత్తగా కిందికి వచ్చింది. రోడ్డు ఎక్కేసరికి ఒక ట్యాంకరు ఎదురైంది. దాని వెనక గొట్టం నుంచి నీళ్లు కారుతున్నాయి, రోడ్డు పొడవునా తడి గీత, ఆ గీత వెంట ఒక కుక్క నాకుతూ పోతోంది. అది చూస్తే అతనికి ఏడుపొచ్చింది.

కాలనీలో అడుగుపెట్టగానే ఒక మోత వినబడింది. తేనెటీగలు లేచినట్టు ప్రతి ఇంటి నుంచీ అదే మోత. నల్లాలకు చిన్న మోటార్లు బిగించి నీళ్లు లాగుతున్నారు. వాకిళ్లలో డ్రమ్ములు, టబ్బులు, గంగాళాలు, చివరికి ఒక పాత ఫ్రిజ్జు డబ్బా వెల్లకిలా పడుకోబెట్టి, అన్నీ నిండి తొణుకుతున్నాయి. చలపతిరావు మేడ మీద నిలబడి నల్ల ప్లాస్టిక్ ట్యాంకులోకి పైపు పట్టుకుని ఉన్నాడు. కింద పెద్దరాములును చూశాడు. పైపు చేతిలోనే ఉండిపోయింది.

"రాములు గారూ..." గబగబా దిగి వచ్చాడు. "మళ్లీ ఇవ్వనిస్తారో లేదోనని అందరూ భయపడిపోయారండి. కట్టేద్దామని నేను చెప్పాను, ఎవరూ వినలేదు. పక్కవాళ్లు లాగుతుంటే..."

మాట పూర్తికాలేదు. కరెంటు పోయింది. అన్ని ఇళ్ల మోతా ఒక్కసారిగా ఆగింది. పెద్దరాములు వంగి నల్లాకు చెవి పెట్టి విన్నాడు. గాలి. అక్కడ ఊరి ట్యాంకు అడుగంటింది. ఇక కరెంటు వచ్చేది రేపు పొద్దున్నే.

కోపం వచ్చింది. చేతిలో పార ఉంటే ఆ డ్రమ్ములన్నీ పగలగొట్టేవాడే. "మడవ కట్టుమంటి గద సారూ!" అని అరిచాడు. గొంతు సగంలోనే జీరపోయింది.

వీరలక్ష్మి లోపలి నుంచి వచ్చింది. ఒక చేత్తో చంటిపిల్ల, ఇంకో చేత్తో చెంబు. పిల్లకు స్నానమైంది. పౌడరు వాసన వేస్తూ, గుప్పిళ్లు మూసుకుని, ఆదమరిచి నిద్రపోతోంది.

"బాబాయ్ గారూ, ముందు మంచినీళ్లు తాగండి. మొహం చూడండి, ఎలా కందిపోయిందో."

చెంబు అందుకున్నాడు. పిల్లను చూశాడు, చెంబులోకి చూశాడు. గొంతులో ముల్లు దిగినట్టుంది, కడుపులోంచి దాహం పైకి తన్నుకొస్తోంది. ఊరి నోరు ఎండబెట్టి ఇక్కడ గుటక వేస్తే ఆ ఆడవాళ్ల ముందు ఏ మొహంతో నిలబడాలి? చెంబు తిరిగి ఇచ్చేశాడు.

"ఊరికి ఇంకా అందలే బిడ్డా. గిప్పుడు తాగరాదు."

కాలనీ మొదట్లో ఉన్న గేటు వాల్వు తనే చేత్తో బిగించాడు. లోపల నీళ్లు లేకపోయినా బిగించాడు. తర్వాత చలపతిరావు వైపు తిరిగాడు.

"నాతోని రా సారూ. ఊళ్లె నిలబడి 'కట్టిన' అని ఒక్క మాట జెప్పు. నీళ్లు అమ్ముకోలేదని వాళ్లకు ఎరుకైతది. నాకు గంతే చాలు."

"నేనొస్తే చంపేస్తారండి. నిన్న చూశారు కదా!"

"నేనుంట గద."

చలపతిరావు తల వంచుకున్నాడు. పెద్దరాములు కాసేపు ఎదురుచూసి, ఒక్కడే చెరువులోకి దిగాడు.

వచ్చిన దారే, కానీ పోయేటప్పుడు ఎన్నడూ లేనంత దూరమైంది. చెమట పట్టడం ఆగిపోయింది. కట్ట రెండు కట్టలుగా కనబడింది. అడుగు ఒకచోట వేస్తే ఇంకోచోట పడుతోంది. తూము రాయి నీడ కనబడితే అక్కడ కూలబడ్డాడు. ఎన్ని కరువుల్లో ఈ రాయికి ఆనుకుని కేక కోసం చెవులు రిక్కించి కూర్చోలేదు! ఇప్పుడూ అలాగే కూర్చున్నాడు. కట్టినరా ఎవరైనా, అనుకున్నాడో, పైకే అన్నాడో. వినడానికి అక్కడ ఎవరూ లేరు.

మల్లయ్య ముందు, కర్రలు పట్టుకున్న మగవాళ్లు వెనక, చెరువు దిగి కాలనీ మీదికి బయల్దేరారు. తలకు కట్టుతో లింగం కూడా మంచం దిగి వచ్చాడు. తూము దగ్గర పెద్దరాములు కాళ్లు చాపుకుని కనబడ్డాడు. నిద్రపోతున్నాడనుకున్నారు.

"లే పెద్దయ్యా! నీళ్లు వాళ్లకు తాపి ఈడ పంటవా?" అని లింగం భుజం పట్టి కుదిపాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఊపిరి లేదు.

కాలనీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఊళ్లోంచి దుప్పటి తెప్పించి, ఆ కర్రలకే కట్టి, అతన్ని అందులో వేసుకుని ఇంటికి మోసుకొచ్చారు.

పోశమ్మ ఏడుపు ఊరంతా వినబడింది. "తువ్వాల ఇప్పద్దంటి గదనయ్యా! ఒట్టు పెడితి గదనయ్యా!" అని అతని తల రెండు చేతులతో పట్టుకుని మొత్తుకుంది. పొద్దు వాలింది. స్నానం చేయించి సాగనంపాలి. ఊరంతా వెతికినా బిందెడు నీళ్లు లేవు.

"నా బోరు కాడ ట్యాంకరు నిండి ఉన్నది. తెప్పిస్త," అన్నాడు మల్లయ్య. గొంతు పొద్దుటిలా లేదు.

పోశమ్మ తలెత్తింది. "అవి కంపెనీలకే పోనీ పటేలా. మా బోర్లను ఎండగొట్టిన నీళ్లు ఆయన మీద పొయ్యద్దు."

మల్లయ్య పక్కకు జరిగాడు. ఊళ్లో ఎవరూ అతని మొహం చూడలేదు.

అప్పుడు చెరువు కట్ట మీద జనం కనబడ్డారు. తోపుడు బండ్ల మీద డ్రమ్ములు, ఆడవాళ్ల నెత్తిన బిందెలు, అందరికంటే ముందు చలపతిరావు. కబురు వాళ్లకూ చేరింది. దగ్గరికి వచ్చేకొద్దీ అతని అడుగు తడబడుతోంది. లింగం వంగి రాయి తీయబోతే ఇందిరమ్మ అతని చెయ్యి పట్టుకుంది. చలపతిరావు ట్యాంకు కింద, ఊరి గుంత పక్కన నిలబడ్డాడు. పిడికి కట్టిన తువ్వాల చూశాడు.

"కట్టేశామండీ," అన్నాడు. ఎవరికీ వినబడలేదు. అప్పుడు ఊరివాళ్లలాగే, గొంతు చించుకుని కేక వేశాడు. "కట్టిన! రాములు గారూ, కట్టిన!"

సత్తెమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "ఇన్నవా రాములూ? మన వంతొచ్చింది," అంది.

నీళ్ల డ్రమ్ము పోశమ్మ వాకిట్లో దించారు. శవాన్ని బల్ల మీద కూర్చోబెట్టబోతుంటే ఆమె లేచి అడ్డం నిలబడింది.

"ఆగుండ్రి. మొదలు ఊళ్లె బిందెలు నింపుండ్రి. నీరటోని మడికి నీళ్లు అందరెనకనే."

ఎవరెంత చెప్పినా వినలేదు. చివరికి డ్రమ్ములన్నీ గల్లీ గల్లీ తిరిగాయి. ఇందిరమ్మ బిందె చలపతిరావే నింపాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు గానీ, ఆమె బిందె వెనక్కి తీసుకోలేదు. పొద్దు గుంకే వేళకు పోశమ్మ వాకిట్లోకి తిరిగి వచ్చింది అడుగున మిగిలిన ఒక బిందెడు. ఆ నీళ్లతోనే అతనికి స్నానం చేయించారు. పోశమ్మ చివరి చెంబు తలమీద పోయకుండా, వేళ్లు తడిపి అతని పెదవులు తుడిచింది. "ఇగ తాగు. ఒడిసింది వంతు," అంది.

మర్నాడు తెల్లవారుజామున కరెంటు వచ్చింది. పైపులో నీళ్లు ఎక్కసాగాయి. బిందెలతో ఆడవాళ్లు వచ్చి గుంత చుట్టూ దూరంగా నిలబడ్డారు, మల్లయ్య వచ్చి నిలబడ్డాడు, ముట్టుకోవడానికి ఎవరి చెయ్యీ రాలేదు. ఊరి వాల్వు మీద ఇనుప చాబీ అలాగే నాటుకుని ఉంది. దాని పిడికి ముడివేసిన తువ్వాల నిన్నటి ఎండకు బిరుసెక్కి, మనిషి తలకు చుట్టుకున్న వంపు వదలకుండా ఉంది.